ఫ్రాంచైజీ ఒప్పందం: గడువు తీరాక కూడా చేతులు కట్టేస్తుందా?

ఒకప్పుడు హైదరాబాదు బిర్యానీ తినాలంటే హైదరాబాదుకే వెళ్లాలి. నేడు ఆ అవసరం లేదు. కర్నూలు, కడప, గుంటూరు, కరీంనగర్, వరంగల్, ఏ పట్టణంలో చూసినా హైదరాబాదు హోటళ్ల పేర్లు బోర్డుల మీద కనిపిస్తున్నాయి. బిర్యానీ, మందీ, ఇరానీ చాయ్, రంజాన్ నెల వస్తే హలీం. అయితే ఆ బోర్డు కింద గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి చాలాచోట్ల ఆ హోటల్ అసలు యజమాని కాదు. యజమానికి డబ్బు కట్టి, ఆ పేరు వాడుకునే అనుమతి తెచ్చుకున్న స్థానిక వ్యాపారి. దీన్నే ఫ్రాంచైజీ అంటున్నారు.

ఈ వ్యాపారంలోకి దిగుతున్నవారిలో మన కుటుంబాలవారు తక్కువేమీ కాదు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి తిరిగొచ్చినవారు, తండ్రి నడిపిన చిన్న హోటల్‌ను పెద్దది చేయాలనుకునేవారు, పెళ్లిళ్లకు వండిపెట్టే బావర్చీల కొడుకులు ఇందులో ఉన్నారు. దాచుకున్న సొమ్ముతోపాటు ఒక్కోసారి ఇంటి ఆడవాళ్ల నగలు కూడా పెట్టుబడిగా మారుతున్నాయి. ఇంత పెట్టే మనిషి తాను సంతకం చేసే కాగితాలను మాత్రం చదవడు. అవి ఇంగ్లీషులో ఉంటాయి, పదుల కొద్దీ పేజీలుంటాయి. ఈ అవకాశం ఇంకొకరికి పోతుందని తొందరపెట్టే ఏజెంటు ఎదురుగా ఉంటాడు.

ఆ పేజీల్లో ఒక షరతు ఉంటుంది. దాన్ని పోటీ నిషేధ షరతు అందాం. ఫ్రాంచైజీ తీసుకున్నవాడు ఒప్పందం నడుస్తున్నంత కాలం అలాంటి మరో వ్యాపారం చేయకూడదనీ, ఒప్పందం ముగిసిన తర్వాత కూడా రెండేళ్లో మూడేళ్లో ఫలానా దూరంలో ఆ రకం తిండి వ్యాపారం పెట్టకూడదనీ అది చెబుతుంది. కొన్ని ఒప్పందాలు భార్యాబిడ్డలను, అన్నదమ్ములను కూడా ఈ నిషేధంలోకి లాగుతాయి.

దీని బరువు తెలియాలంటే ఒక ఉదాహరణ తీసుకుందాం. నంద్యాలలో ఒక సోదరుడు ఐదేళ్లకు బిర్యానీ ఫ్రాంచైజీ తీసుకున్నాడనుకుందాం. డిపాజిట్టు కట్టాడు, దుకాణం అద్దెకు తీసుకున్నాడు, పొయ్యిలు, బల్లలు, ఫ్రిజ్‌లు కొన్నాడు, అమ్మకాల్లో కొంత శాతం రాయల్టీగా ప్రతినెలా పంపాడు. ఐదేళ్లు నిండాయి. కంపెనీ ఒప్పందాన్ని పొడిగించలేదు. బోర్డు దించేసి, సొంత పేరుతో అదే దుకాణంలో బిర్యానీ అమ్ముకుందామనుకున్నాడు. వారంలో వకీలు నోటీసు వచ్చింది. మూడేళ్లపాటు ఈ వ్యాపారమే చేయకూడదట. వంట తప్ప వేరే విద్య తెలియని మనిషి ఈ మూడేళ్లూ ఏం తినాలి? పిల్లల ఫీజులు ఎలా కట్టాలి?

ఇలాంటి నోటీసు అందుకున్నవారు రెండు రకాలుగా పొరపడుతున్నారు. సంతకం చేశాను గనుక అంతా అయిపోయిందని దుకాణం మూసి మళ్లీ గల్ఫ్ వీసా కోసం తిరిగేవారు కొందరు. కాగితం చెల్లదని ఎవరో చెబితే విని, పాత కంపెనీ పేరును అటూఇటూ మార్చి, వారి మసాలానే వాడుతూ వ్యాపారం సాగించేవారు మరికొందరు. చట్టం ఈ ఇద్దరితోనూ ఏకీభవించదు. మన ధర్మం కూడా ఏకీభవించదు.

1872 నాటి మాట

మన దేశంలో ఒప్పందాలకు మూలమైనది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. దానిలో 27వ సెక్షన్ చిన్నదే గానీ చాలా గట్టిది. న్యాయబద్ధమైన వృత్తిని, వ్యాపారాన్ని ఎవరైనా చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం, ఆ అడ్డు ఉన్నంత మేరకు చెల్లదని దాని సారాంశం. ‘ఆ మేరకు’ అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఒప్పందం మొత్తం రద్దయిపోదు. మనిషి బతుకుతెరువుకు అడ్డుపడే షరతు మాత్రం పడిపోతుంది, మిగతాది నిలుస్తుంది.

ఈ సెక్షన్ వచ్చిన రెండేళ్లకే, 1874లో, కలకత్తా హైకోర్టు ముందుకు ఒక తగాదా వచ్చింది. నగరంలో ఒకే ప్రాంతంలో ఇత్తడి సామాన్ల వ్యాపారం చేసే ఇద్దరి మధ్య పోటీ. నీ దుకాణం ఇక్కడ మూసెయ్, పనివాళ్లకు నువ్వు ఇచ్చిన 900 రూపాయల అడ్వాన్సు నేను చెల్లిస్తానని ఒకడు మాటిచ్చాడు. రెండోవాడు మూసేశాడు. మొదటివాడు డబ్బు ఇవ్వలేదు. కోర్టు ఏమన్నదంటే, ఒక ప్రాంతానికే పరిమితమైనా సరే వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందం చెల్లదు, చెల్లని ఒప్పందం మీద డబ్బు ఇప్పించలేమన్నది. మాట తప్పినవాడికి లాభం కలిగిన తీర్పు అది. నీతి దృష్టితో చూస్తే మనసు ఒప్పదు. కానీ చట్టం ఎంత కచ్చితంగా నిలబడిందో తెలుస్తుంది. కొద్ది దూరమే కదా, కొద్ది కాలమే కదా అనే వాదనను అది అంగీకరించలేదు.

ఇంగ్లండులో న్యాయస్థానాలు నిషేధం సమంజసంగా ఉందా లేదా అని తూచి చూస్తాయి. మన చట్టంలో ఆ తూకం లేదు. అది ఉంటే బాగుంటుందని 1958లో లా కమిషన్ తన 13వ నివేదికలో సిఫారసు చేసింది. పార్లమెంటు ఆ సవరణ చేయలేదు. 27వ సెక్షన్ నేటికీ అలాగే ఉంది. దానికి ఉన్న మినహాయింపు ఒక్కటే. ఎవరైనా తన వ్యాపారాన్ని, దానితోపాటు దానికున్న మంచిపేరును అమ్ముకుంటే, కొన్నవాడికి పోటీగా నిర్ణీత ప్రాంతంలో మళ్లీ అదే వ్యాపారం పెట్టనని మాటివ్వవచ్చు. ఆ హద్దులు సమంజసంగా ఉండాలి. నంద్యాల సోదరుడు వ్యాపారాన్ని అమ్మలేదు. కొన్నేళ్లకు పేరును అద్దెకు తెచ్చుకున్నాడు, అంతే. ఆ మినహాయింపు అతనికి వర్తించదు.

గడువు లోపల, గడువు దాటాక

అయితే ఇక్కడితో సంతోషించి ఆగిపోకూడదు. ఒప్పందం నడుస్తున్న కాలానికి న్యాయస్థానాల మాట వేరుగా ఉంది.

ఫ్రాంచైజీల విషయంలో ప్రసిద్ధమైన తీర్పు 1995 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చినది. గుజరాత్ బాట్లింగ్ కంపెనీ కోకాకోలాతో 1993లో ఒప్పందం చేసుకుంది. థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ వంటి పానీయాలు తయారుచేసి సీసాల్లో నింపడం దాని పని. ఒప్పందం ఉన్నంత కాలం, దాన్ని ముగించడానికి ఇచ్చే ఏడాది నోటీసు కాలంతో సహా, వేరే కంపెనీ పానీయాలు నింపకూడదని షరతు. 1995 ఆరంభంలో ఆ కంపెనీ వాటాలు పెప్సీ పక్షానికి చేరాయి. వెంటనే ఒప్పందం నుంచి బయటపడాలని చూసింది. ఈ షరతు వ్యాపారాన్ని అడ్డుకుంటోంది గనుక చెల్లదని వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందం నడుస్తుండగా ఇద్దరూ కలిసి ఒకే సరుకును పెంచడానికి పెట్టుకున్న షరతు అది, దాన్ని వ్యాపార నిరోధంగా చూడలేమన్నది.

దీని అర్థం మన సోదరులకు స్పష్టంగా తెలియాలి. ఐదేళ్ల ఒప్పందంలో మూడో ఏట పక్కవీధిలో బావమరిది పేరు మీద మరో బిర్యానీ హోటల్ తెరిస్తే కోర్టు అడ్డుకునే అవకాశం ఉంది. నోటీసు కాలం ఇంకా ఉండగానే బోర్డు మార్చినా అంతే. గడువు లోపలి షరతు మరీ ఏకపక్షంగా, క్రూరంగా ఉంటే తప్ప కోర్టులు దాన్ని నిలబెడతాయి. ఈ సూత్రాన్ని 1967లోనే సుప్రీంకోర్టు ఒక ఉద్యోగి కేసులో చెప్పింది. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులోనూ, మూడేళ్లలోపు ఉద్యోగం మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్న బాండును సమర్థిస్తూ, అదే దారిలో నడిచింది.

గడువు దాటిన తర్వాతి సంగతికి క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు మంచి ఉదాహరణ. ఆయన 2000లో ఒక సంస్థతో మూడేళ్లకు ప్రచార ఒప్పందం చేసుకున్నాడు. మూడేళ్లు అయ్యాక కూడా, వేరెవరైనా అవకాశం ఇస్తే ముందు మాకే చెప్పాలి, మేం అంతే ఇస్తే మాతోనే ఉండాలని అందులో ఉంది. గడువు తీరాక ఆయన వేరే సంస్థ వైపు వెళ్లాడు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2006లో కోర్టు, ఒప్పందం ముగిశాక కూడా మనిషిని పట్టి ఉంచే షరతు 27వ సెక్షన్ కింద చెల్లదన్నది. అది ఉద్యోగ ఒప్పందం కాదు, ఇద్దరు వ్యాపార పక్షాల మధ్య ఒప్పందం. అయినా సూత్రం మారలేదు. ఈ వెలుగులో చూస్తే, నంద్యాల సోదరుడికి వచ్చిన మూడేళ్ల నిషేధం నోటీసులో కనిపించినంత బలమైనది కాదని తేలుతుంది.

పేరు ఎవరిది? రుచి ఎవరిది?

నిషేధం చెల్లకపోయినంత మాత్రాన పాత కంపెనీ సొత్తు మనదైపోదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద రిజిస్టరైన పేరు, గుర్తు దాని యజమానివే. ఒప్పందం ముగిసిన రోజున బోర్డు, మెనూ కార్డు, పార్సెల్ డబ్బాలు, ఫోన్ యాప్‌లలో ఉన్న పేరు అన్నీ తీసేయాలి. ఒక్క అక్షరం మార్చి అలాంటి పేరే పెట్టుకోవడం, “పాత చోటే, పాత రుచే” అని గిరాకీని భ్రమపెట్టడం చట్టం ముందు నిలవవు. హైదరాబాదులో కొన్ని పాత హోటళ్ల ముందు “మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు” అనే బోర్డులు ఎందుకు వేలాడుతున్నాయో అందరికీ తెలిసిందే. ఆ పేరు వెనుక ఒక కుటుంబం దశాబ్దాల కష్టం ఉంది.

రుచి విషయం మరింత సున్నితమైనది. దమ్ ఎప్పుడు వేయాలి, బియ్యం ఎంత ఉడకాలి, మాంసం ఎంతసేపు నానాలి అన్నది బావర్చీ చేతిలో ఉండే నేర్పు. దాన్ని ఎవరూ లాక్కోలేరు. కంపెనీ రాసి ఇచ్చిన మసాలా పాళ్లు, సరుకు ఇచ్చేవారి వివరాలు, ధరల లెక్కలు రహస్యమని చెప్పి అప్పగిస్తే అవి అమానతు. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అలాంటిది తేవాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. చట్టం లేకపోయినా నమ్మి చెప్పిన రహస్యాన్ని వాడుకుంటే కోర్టులు అడ్డుకుంటూనే ఉన్నాయి.

ఇక కొన్ని పేర్లు ఏ కంపెనీ సొత్తూ కావు. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. లభించింది. మాంసపు వంటకానికి దేశంలో ఆ గుర్తింపు రావడం అదే మొదలు. దానికోసం దరఖాస్తు చేసింది ఒక హోటల్ కాదు, హలీం తయారీదారుల సంఘం. గోధుమలు, మేక మాంసం, నెయ్యి, దేగ్, కట్టెల పొయ్యి, గంటల తరబడి సన్న సెగ. ఈ పద్ధతి అందరికీ తెలిసినదే. జి.ఐ. పేరు మీది హక్కును అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, లైసెన్సుగా ఇవ్వడానికి వీల్లేదని 1999 నాటి జి.ఐ. చట్టంలోని 24వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఏ సంస్థ అయినా తన సొంత పేరుకే ఫ్రాంచైజీ ఇవ్వగలదు. హలీం మాదే, మమ్మల్ని వదిలితే ఇక హలీం వండకూడదు అనడానికి ఎవరికీ అధికారం లేదు.

ధర్మం ఏమంటోంది?

మన పాఠకుల్లో చాలామంది అడిగే ప్రశ్న వేరు. చట్టం సంగతి సరే, సంతకం చేసి మాట ఇచ్చాక దాన్ని కాదనడం ముస్లిముకు తగునా అని. ఈ ప్రశ్న అడిగేవారి మనసులో దైవభీతి ఉంది. దాన్ని మేము గౌరవిస్తున్నాం. దానికి తొందరపాటు జవాబు తగదు.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆజ్ఞతోనే మొదలవుతుంది. ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారని దైవప్రవక్త (స) చెప్పినట్టు హదీసు ఉంది. కానీ అదే హదీసులో, హరామును హలాలు చేసే షరతు, హలాలును హరాము చేసే షరతు దీనికి మినహాయింపని కూడా ఉంది. అంటే షరతులన్నీ ఒకే తూకం కాదు.

ఈ విషయంలో బరీరా (రజి) సంఘటన చాలా బోధిస్తుంది. ఆమె బానిసగా ఉండి, వాయిదాల మీద సొమ్ము కట్టి విముక్తి పొందేందుకు యజమానులతో ఒప్పందం చేసుకున్నారు. సాయం కోసం హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరకు వచ్చారు. మొత్తం సొమ్ము తానే చెల్లించి విడిపిస్తానని ఆయిషా (రజి) ముందుకొచ్చారు. యజమానులు ఒక మెలిక పెట్టారు. విముక్తురాలికి సంబంధించిన ‘వలా’ హక్కు, అంటే ఆమె వారసత్వ సంబంధం, తమకే ఉండాలన్నారు. దైవప్రవక్త (స) ఆమెను కొని విడిపించమన్నారు, ఆ హక్కు విడిపించినవారిదేనని తేల్చారు. ఆ తర్వాత జనం ముందు నిలబడి, దైవగ్రంథంలో ఆధారం లేని షరతు నూరుసార్లు పెట్టినా చెల్లదన్న భావంతో హెచ్చరించారు. బుఖారీ గ్రంథంలో ఈ హదీసు ఉంది.

ఇది వ్యాపార పోటీ గురించి వచ్చిన హదీసు కాదు. అయినా ఒక పద్ధతిని నేర్పుతోంది. బేరం నిలిచింది, బరీరా (రజి) విముక్తురాలయ్యారు, అన్యాయమైన షరతు ఒక్కటే పడిపోయింది. 27వ సెక్షన్‌లోని ‘ఆ మేరకు’ అన్న మాట చేసే పని కూడా ఇదే. అందువల్ల గడువు తర్వాతి నిషేధాన్ని సవాలు చేసే సోదరుడు మొత్తం ఒప్పందాన్ని తుంగలో తొక్కినవాడు కాడు. రాయల్టీ బాకీ ఉంటే కట్టాలి. పేరును వదిలేయాలి. రహస్యాన్ని కాపాడాలి. పేరు, వ్యాపార గుర్తు విలువ గల హక్కులనీ, వాటిని కాజేయకూడదనీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. అన్యాయమైన షరతును కాదనే హక్కు పాత కంపెనీ హక్కులను నెరవేర్చాకే వస్తుంది. ఎవరి ఒప్పందంలో ఏ షరతు ఎలాంటిదో తేల్చుకోవాలంటే కాగితం చేతపట్టుకుని వకీలు దగ్గరకూ, ముఫ్తీ సాహెబ్ దగ్గరకూ వెళ్లాలి. షరతుల విషయంలో ఫిఖ్ పండితుల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి.

మరో సంఘటన కూడా ఇక్కడ గుర్తుకు రాక మానదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో అన్నీ వదిలి మదీనా చేరారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ చేసి, బజారు ఎక్కడో చూపమని అడిగారు. ఖైనుఖా బజారులో జున్ను, నెయ్యి అమ్మి తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. వట్టి చేతులతో వచ్చిన మనిషికి బజారు తలుపు తెరిచి ఉండబట్టే అది సాధ్యమైంది. పల్లె నుంచి సరుకు తెచ్చేవారిని ఊరి బయటే అడ్డగించి కొనడాన్ని, ధర పెరిగేదాకా ధాన్యం దాచడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. బజారులోకి వచ్చే దారిని కొందరు మూసేయకుండా చూడటం ఆ నిషేధాల వెనుక ఉన్న ప్రయోజనాల్లో ఒకటి.

ఇతర దేశాల్లో

ఈ సమస్యకు ముస్లిం దేశాలన్నీ ఒకే పరిష్కారం చూపలేదు. మలేషియాలో 1998 నాటి ఫ్రాంచైజీ చట్టం మనకు పూర్తి విరుద్ధంగా ఉంది. ఫ్రాంచైజీ తీసుకున్నవాడు, అతని జీవిత భాగస్వామి, దగ్గరి కుటుంబ సభ్యులు గడువు తర్వాత కూడా రెండేళ్లపాటు అలాంటి వ్యాపారం చేయబోమని రాతపూర్వక హామీ ఇవ్వాలని ఆ చట్టమే చెబుతుంది. అయితే అదే చట్టం కంపెనీ మీద కూడా బరువు పెట్టింది. ఒప్పందం కనీసం ఐదేళ్లుండాలి. సంతకానికి కనీసం 10 రోజుల ముందు వివరాలన్నీ చేతికివ్వాలి. పోటీ నిషేధాన్ని సడలించకుండా, ఒప్పందాన్నీ పొడిగించకుండా ఉంటే, ఆ వ్యాపారిని వ్యాపారాన్ని తిరిగి కొనడం ద్వారానో మరో విధంగానో పరిహరించాలి. చేతులు కట్టేస్తే కట్టినందుకు మూల్యం చెల్లించమన్నమాట. సౌదీ అరేబియాలో 2020లో అమల్లోకి వచ్చిన ఫ్రాంచైజీ చట్టం కూడా సంతకానికి 14 రోజుల ముందు వివరాలు వెల్లడించాలంటోంది.

అమెరికాలోనూ ఆ 14 రోజుల నియమం ఉంది. అక్కడ తెలుగువారు నడిపే బిర్యానీ హోటళ్లలో కొన్ని ఫ్రాంచైజీలే. ఆ కుటుంబాలు గమనించాల్సింది ఏమంటే, అక్కడ పోటీ నిషేధానికి రాష్ట్రానికో న్యాయం ఉంది. కాలిఫోర్నియా 1872 నుంచీ ఇలాంటి నిషేధాలను గట్టిగా వ్యతిరేకిస్తోంది. మన కాంట్రాక్టు చట్టం పుట్టిందీ ఆ ఏడే. టెక్సాస్‌లో కాలం, దూరం సమంజసంగా ఉంటే నిషేధం నిలుస్తుంది. ఉద్యోగుల మీద పోటీ నిషేధాలను దేశమంతటా రద్దు చేస్తూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో నియమం తెచ్చినా, కంపెనీకీ ఫ్రాంచైజీ వ్యాపారికీ మధ్య ఉన్న నిషేధాలను దానినుంచి వదిలేసింది. ఆ నియమాన్ని కూడా 2024 ఆగస్టులో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. హైదరాబాదులో చెల్లని కాగితం డల్లాస్‌లో చెల్లవచ్చు.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. ముందుగా వివరాలు చెప్పి తీరాలన్న నియమమూ లేదు. గడువు తర్వాత 27వ సెక్షన్ మనల్ని కాపాడుతుంది. గడువుకు ముందు, సంతకం వేళ, మనల్ని మనమే కాపాడుకోవాలి.

దెబ్బ తగిలేది ఎక్కడ?

నిషేధం చెల్లదని తెలిసిన కంపెనీలు కూడా దాన్ని ఒప్పందంలో ఎందుకు రాస్తున్నాయి? భయపడి ఆగిపోయేవారు చాలామంది ఉంటారు గనుక. పైగా అదే పనిని వేరే దారుల్లో చేయించే షరతులు ఆ పక్కనే ఉంటాయి. మా దృష్టిలో అసలు జాగ్రత్త వీటి దగ్గరే పడాలి.

మొదటిది అద్దె పత్రం. దుకాణం అద్దె కంపెనీ పేరు మీద ఉంటే, ఒప్పందం ముగిసిన రోజు మనం వీధిలో ఉంటాం. ఏ నిషేధమూ అక్కర్లేదు. అద్దె మన పేరు మీదే ఉండాలి. ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. ఆహార భద్రత లైసెన్సు, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా చూసుకోవాలి.

రెండోది డిపాజిట్టు. పోటీ వ్యాపారం పెడితే డిపాజిట్టు జప్తు, పైగా ఇన్ని లక్షలు జరిమానా అని రాస్తారు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసినా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. 1963లో సుప్రీంకోర్టు జప్తుల విషయంలోనూ ఈ సూత్రాన్నే అన్వయించింది. కానీ డబ్బు వారి చేతిలో ఉంది, రాబట్టుకోవలసింది మనం. అందుకే డిపాజిట్టు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో, ఏ కారణాలకు కోత పడుతుందో ముందే రాయించుకోవాలి.

మూడోది మధ్యవర్తిత్వం. తగాదా వస్తే దూరపు నగరంలో, కంపెనీ ఎంచిన మధ్యవర్తి ముందు తేల్చుకోవాలని ఉంటుంది. తగాదాలో లాభనష్టాలున్న పక్షం తానే ఒంటరిగా మధ్యవర్తిని నియమించకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఈ సంగతి తెలియక ఆ దూరాన్ని, ఆ ఖర్చును చూసి రాజీపడేవారున్నారు. విచారణ మన జిల్లాలోనో, కనీసం హైదరాబాదు, విజయవాడల్లోనో జరగాలని అడగవచ్చు.

నాలుగోది కుటుంబ సభ్యుల సంతకాలు. జామీను ఇచ్చిన భార్య, తండ్రి అసలు బాకీదారుతో సమానంగా బాధ్యులవుతారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెప్పేది ఇదే. “ఊరికే ఒక సంతకం” అని ఇంట్లో ఆడవాళ్ల ముందు కాగితం పెట్టడం అన్యాయం. అల్ బఖరా సూరాలో అప్పు పత్రం గురించిన దీర్ఘమైన ఆయతు, బాకీపడే మనిషే పత్రాన్ని చెప్పి రాయించాలనీ, ఆ శక్తి లేనివారి తరఫున సంరక్షకుడు న్యాయంగా చెప్పాలనీ ఆదేశిస్తోంది. బరువు మోసేవాడికి రాసినదేమిటో తెలియాలన్నది అందులోని ఆంతర్యం. తనకు తెలియని భాషలో ఉన్న పత్రానికి తలవంచి సంతకం చేసే పద్ధతి ఎక్కడ, ఈ బోధ ఎక్కడ!

రెండు పక్షాలకూ ఒకటే తూకం

ఇంతవరకు ఫ్రాంచైజీ తీసుకునేవారి వైపు నుంచి మాట్లాడాం. ఇచ్చేవారిలోనూ మనవారు ఉన్నారు. చిన్న హోటల్‌తో మొదలై, కష్టంతో పేరు తెచ్చుకుని, ఇప్పుడు ఊరూరా బోర్డులు పెట్టిస్తున్న కుటుంబాలున్నాయి. వారి భయం కూడా నిజమైనదే. మనిషిని నమ్మి వంట నేర్పి, సరుకు దారులు చూపితే, రెండేళ్లలో అతను ఎదురు దుకాణం తెరిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఈ భయానికి మందు మూడేళ్ల నిషేధంలో లేదు. పేరును సరిగ్గా రిజిస్టరు చేయించుకోవడం, మసాలా తమ దగ్గరే కలిపి పంపడం, రహస్యం ఏదో స్పష్టంగా రాసుకోవడం, రాయల్టీకి తగిన సాయం చేయడం వారి చేతిలో ఉన్న మార్గాలు. తనతో ఉంటే లాభమని తెలిసిన భాగస్వామి సులభంగా వెళ్లిపోడు. గడువు తర్వాత అతను వేరే పేరుతో తన ఊళ్లో నాలుగు పొయ్యిలు వెలిగించుకుంటే, అల్లాహ్ రాసిపెట్టిన మన రిజ్క్ తగ్గదన్న విశ్వాసం కూడా మనకు ఉండాలి.

మన జమాఅతులు, మస్జిద్ కమిటీలు ఈ విషయంలో చేయదగిన పని ఒకటుంది. మన సముదాయంలో వకీళ్లు, ఆడిటర్లు కొరత లేదు. నెలకొకసారి జుమా తర్వాత ఒక గంట కూర్చుని, వ్యాపార ఒప్పందాలు తెచ్చినవారికి తెలుగులోనో ఉర్దూలోనో చదివి వివరిస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. దివాలా తీసిన తర్వాత చందాలు పోగుచేసే కంటే సంతకానికి ముందు ఒక గంట ఇవ్వడం మేలు.

ఫ్రాంచైజీ తీసుకోబోయే సోదరులకు మేము చెప్పేది ఇంతే. కాగితం ఇంటికి తెచ్చుకోండి. వారం రోజులు ఉంచుకోండి. ఒప్పుకోని కంపెనీ మీద అక్కడే అనుమానం పెట్టుకోండి. గడువు తర్వాతి నిషేధాన్ని కొట్టేయమని అడగండి. కుదరకపోతే దూరాన్ని, కాలాన్ని తగ్గించమనండి. అదీ కుదరకపోతే, చట్టం మీ వెంట ఉందన్న తెలివితోనే సంతకం చేయాలో వద్దో నిర్ణయించుకోండి. సంతకం చేశాక గడువు తీరేదాకా మాట మీద నిలబడండి. పేరు వారిది, తిరిగి ఇచ్చేయండి. చేతిలోని నేర్పు అల్లాహ్ మీకిచ్చినది. దానితో హలాలుగా సంపాదించి ఇంటిల్లిపాదినీ పోషించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.